నేల తాకని చీపురు

కొండచీపుళ్లు సీతంపేట కొండలు దిగి సంతలకు వచ్చు మాఘమాసమున, రెండువేల పదహారవ సంవత్సరమున, నాగావళీ పవన వీజితమును ఆటోరిక్షా ఘోష బధిరీకృత దిగంతమును అగు శ్రీకాకుళ పట్టణమున, ఒకానొక కాలనీ చివర, ఎవరును ఇల్లు కట్టని ఖాళీ జాగాయందు, ఆదివారము సాయంకాలమున, వినుడు, పదిమంది గృహిణులు యుద్ధసన్నద్ధలై నిలిచిరి. వారిలో అగ్రగణ్య బి.యస్సీ. పట్టాధారిణి, కుక్కరు కూతల నడుమ నవలాపారాయణ ధురంధర, ఉమాశంకరుని ఇల్లాలు అనూరాధ.

ఆమె ఒక మాయల నవల చదివెను. అందు వీరులు చీపుళ్లెక్కి ఆకాశమున బంతులాడుదురు. చదివినవారు చదివి ఊరకుండిరి; ఈమె ఉండలేదు. ఎగురుట ఒక్కటి మినహా తక్కినదంతయు మన కాలనీలో సాధ్యమేనని తలంచి, ఇంటింటికి తిరిగి, టీవీ సీరియళ్ల చెరనుండి ఒక్కొక్కరినే విడిపించి సైన్యమును కూర్చెను. వెదురు గడలకు పాత సైకిల్ టైర్లు కట్టి జాగాకు ఇరువైపుల పాతించెను. ముందుగా ఏ పక్షపు టైరులోనుండి బంతి దూరునో ఆ పక్షమునకు ఓటమి.

అయితే ఆ జాగాపై కాలనీ సంఘ కార్యదర్శి, షటిల్ క్రీడా లోలుడు జగన్నాధము కన్ను వేసియుండెను.

"సీపుళ్లతో ఆటేటమ్మా! ఈ ఆదివారం దీపాలెట్టేలోగా ఒక్క ఆట పూర్తిగా ఆడి సూపించండి. ఆడితే ఆదివారం సాయంత్రాలు మీవే. లేదంటే నెట్టు కట్టేస్తాను" అని శాసించి, ఆ దినమున నెట్టు చంకన పెట్టుకొనియే విచ్చేసెను.

"ఎవరి చీపురు వారు తెచ్చుకొనుడు" అని అనూరాధ ఆజ్ఞాపించుటయే ఆ సంగ్రామమున జరిగిన ఘోర ప్రమాదము. ఈల మ్రోగెను. పదిమందియు చీపుళ్లను దాటి కాలు వేయబోయిరి. అంతలో ప్రహరీగోడ మీదుగా ప్రళయమేఘ గర్జనము వినవచ్చెను. అది అనూరాధ అత్త, లక్ష్మణమ్మ కంఠము.

"ఓలమ్మో! ఇల్లు తుడిసిన సీపురు కాళ్ల మధ్యెట్టుకుంతారేటే! లచ్చిందేవి కాదేటే అది? కొంపలు గుల్లయిపోవా?"

పది కాళ్లు పది ఎత్తులలో ఆగిపోయెను. చేపలమ్ము తవిటమ్మ చీపురును కన్నులకద్దుకొని "తప్పయిపోనాది తల్లీ" అని లెంపలు వేసుకొనెను. ప్రతిపక్ష సేనాని, టీచరు పద్మకుమారి "మీ అత్తంటే బయం లేదు గానీ, లక్ష్మంటే కొంచెం బయమే అనూ" అని వెనుకకు తగ్గెను. జగన్నాధము నెట్టు ముడి విప్పసాగెను.

అనూరాధ కొంగు బిగించి, ఇటుకల కుప్పనెక్కి ఇట్లు పలికెను:

"వీరవనితలారా! బూజుల దునిమి, బొద్దింకల పరిమార్చి, గ్యాసు బండల దొర్లించిన బాహువులు మీవి! వంటిల్లు కాక, రేషన్ క్యూ కాక, వారమునకొక్క గంట ఊరక పరుగెత్తుటకు మనకు ఈ పల్లేరుకాయల జాగా తప్ప వేరొక భూఖండము కలదా? దానిని షటిల్ నెట్టునకు ధారవోయుదమా?"

"బాగా సెప్పినావమ్మా" అనెను తవిటమ్మ. "సీపురు మాటేటి మరి?"

అనూరాధ గోడ చెంతకు పరుగెత్తెను. "అత్తా! ఇంకా ఇల్లు తుడవని కొత్త చీపురు కూడా లక్ష్మేనా?"

లక్ష్మణమ్మ చిరకాలము యోచించెను. "తుడిస్తేనే లచ్చి. తుడవనంతవరకూ ఉత్త గడ్డి."

"మరి ఏడాదికంతా సరిపోతాయని సంతలో కొని, అటక మీద దాచావు కదా కట్ట..."

ఆ కట్ట లక్ష్మణమ్మకు కోశాగారము. తన చెల్లెలికే ఒక్కటి ఇవ్వని ఖ్యాతి ఆమెది. కాని ప్రతి ఆదివారము ఆ గోడ వెనుక స్టూలెక్కి, చీపుళ్లు లేక వట్టి బంతితో సాగు సాధనను చూచుచున్నదియు ఆమెయే.

"ఇత్తాను. అయితే ఎవులి సీపురు నేలకి తగిలితే ఆళ్లు దిగిపోవాల. తగిలిందో లేదో నానే సూస్తాను."

అంతట లక్ష్మణమ్మ జాగాలోనికి తెచ్చి పంచిన కొత్త చీపుళ్లనెక్కి, కొంగులు దోపి, తోకలెత్తిన కోడిపెట్టల వలె చీపురు కుచ్చులను పైకెత్తి, ఒక చేత పిడిని, వేరొక చేత బంతిని, బంతి దొరకనివారు ఎదుటివారి జడను ఒడిసిపట్టి, "ఒలే ఇటేపు! ఒలే అటేపు!" అను రణనినాదములు మిన్నుముట్ట, ధూళి రేగ, చెప్పులు తెగ, ఇరుసేనలును ఢీకొనెను. కుచ్చులు వరుసగా నేలను ఊడ్చెను. ఊడ్చినవారు వరుసగా దిగిరి. తవిటమ్మ బంతితో టైరు ముంగిటికి చేరియు, దారిన పోవునామె "సేపలున్నాయేటి?" అని అడుగగా "రేపొస్తానమ్మా" అని వెనుదిరుగుటలో చీపురు ధూళిని చుంబించెను.

"తవిటీ, దిగు! లచ్చయిపోనాది!"

తుదకు మిగిలినవారిద్దరే: బంతితో అనూరాధ, టైరుకడ్డముగా పద్మకుమారి. ప్రొద్దు క్రుంకుచుండెను. జగన్నాధము వీధిదీపము వంక ఆశగా చూచుచుండెను. అనూరాధ పరుగెత్తి ఎగిరెను. నవలలోని ఎత్తు ఎంతయో కాని ఇది జానెడు. అయినను ఆ క్షణమున ఆమె రెండు పాదములును భూమిని వీడియున్నవి. ఆమె విసరిన బంతి టైరు అంచును తాకి, తటపటాయించి, లోనికి దూరెను.

"దిగినప్పుడు తగిలింది! నేను సూసాను!" అని పద్మకుమారి గర్జించెను.

లక్ష్మణమ్మ నడుము వంచి, దుమ్ములో చీపురు గీత కొరకు వెదకి, లేచి, లోకమంతయు వినునట్లు తీర్పు చెప్పెను:

"కాపరానికొచ్చినకాడి నుంచి సూస్తన్నాను. నా కోడలి సీపురు నేలకి తగల్లేదు. ఇయ్యాలేటి తగుల్తాది!"

పద్మకుమారియే మొదట నవ్వెను. పిదప ఆ నవ్వు జాగా అంతయు ప్రాకెను. వీధిదీపము వెలిగెను. జగన్నాధము నెట్టు చుట్టెను. ఇట్లు సున్నాపై ఒకటిగా అనూరాధ జయించి, ఆదివారపు సాయంకాలములను స్త్రీజాతికి స్థిరముగా సంపాదించెను.

మరునాడు ఉదయమున లక్ష్మణమ్మ గడపలో నిలిచి "గెలిసినావు కదా, ఇంక తుడు" అనెను.

"తుడిస్తే లక్ష్మి అయిపోతుందత్తా. వచ్చే ఆదివారం దేనెక్కి ఆడమంటావు?" అని విజేత ఆ చీపురును దేవుడి పటము ప్రక్కన మేకుకు తగిలించెను.

ఉమాశంకరుడు, పాత చీపురు ధరించి, ఇల్లు తుడిచెను.