నాలుగు కాళ్ళ ఆకాశయానం

ఒక పెద్ద అడవిలో, అంటే మరీ అంత పెద్దదేం కాదు గానీ అక్కడివాళ్ళు ఎవరడిగినా "మాది పెద్ద అడవండీ" అనే చెప్పుకుంటారు కనక మనమూ అలాగే అందాం, ఆకాశాన్ని కనిపెట్టి చూసే కొలువొకటి ఉండేది. కొండమీద ఒక బండరాయి, దానిమీద నరసమ్మ అనే ముసలి కొంగ, ఆవిడ కింద పనిచేసే కొన్ని గద్దలు. కొలువంటే అంతే.

తెల్లారగానే వీళ్ళు పైకెగిరి నాలుగు దిక్కులూ చూసొచ్చేవాళ్ళు. మబ్బు ఎటునుంచి వస్తోంది, ఏ గుట్టమీద నిప్పు రాజుకుంది, ఎగువన వాగు ఎంత పొంగింది, అన్నీ నరసమ్మ వచ్చి రాజుగారికి చెప్పేది. రాజుగారు ఆవలిస్తూ వినేవారు. కిందటి వానాకాలం వరద వస్తోందని ఆవిడ ముందే చెప్పబట్టి అడవంతా గుట్టెక్కి బతికింది. దానికి ఆవిడకెవరూ దండ వెయ్యలేదు. ఎందుకేస్తారు? కొంగన్నాక ఎగురుతుంది, ఎగిరాక చూస్తుంది, చూశాక చెప్తుంది. అందులో గొప్పేముంది అనుకున్నారు.

రోజులిలా హాయిగా వెళ్ళిపోతుండగా అవతలి అడవి నుంచి ఒక గుర్రం చుట్టపుచూపుగా వచ్చింది. రాజుగారు, అంటే మన సింహం, దగ్గరుండి దానికి అడవంతా తిప్పి చూపించారు. అన్నీ చూసి గుర్రం, "అది సరే గానీ, మీవాళ్ళెవరైనా ఆకాశంలోకి వెళ్ళారా?" అని అడిగింది.

"రోజూ వెళ్తారు. మా కొంగ, మా గద్దలు" అన్నారు రాజుగారు.

"పక్షుల సంగతి కాదండీ. నాలుగు కాళ్ళవాళ్ళ సంగతి. మా దుప్పి వెళ్ళొచ్చి ఏళ్ళయింది" అని గుర్రం సకిలించింది.

రాజుగారికి ఆ పూట మాంసం సహించలేదు. పరువు పోయిందని గుహలో అటూ ఇటూ పచార్లు చేస్తుంటే నక్క శంభుదాసు లోపలికి వచ్చాడు. రాజుగారు ఎక్కడ బాధపడితే అక్కడ ఒక సంఘం పుట్టించడం అతని వృత్తి. మర్నాటికల్లా ఆకాశయాన సంఘం తయారైపోయింది. అధ్యక్షులు రాజుగారు, కార్యదర్శి శంభుదాసు. మిగతా పెద్దలంతా సభ్యులు, భోజనాల వేళకి.

మొదటి సభలో నరసమ్మ మాట్లాడతానని లేచింది.

"పైకెళ్ళినవాడు అక్కడ ఏం చేస్తాడు నాయనా?"

"కిందకి చూస్తాడు" అన్నాడు శంభుదాసు.

"చూసి?"

"అడవి కనబడుతోందని చెప్తాడు."

"అది నేను రోజూ చెప్తున్నదేగా."

"మీరు చెప్పడం వేరు నరసమ్మగారూ. మీకు రెక్కలున్నాయి. రెక్కలున్నవాళ్ళు ఎగిరితే అడవికేం గౌరవం? లేనివాళ్ళు ఎగిరితే గౌరవం."

సభంతా చప్పట్లు కొట్టింది. ఎలుగుబంటి కళ్ళు కూడా తుడుచుకున్నాడు. నరసమ్మ ఊరుకోకుండా, ఇది వానల కాలమని, గద్దలన్నిటినీ బుట్ట మొయ్యడానికి తీసుకుపోతే వాగు సంగతి ఎవరు చూస్తారని అడిగింది. వెనక వరసలోంచి ఎవరో ఆవిణ్ణి అడవిద్రోహి అన్నారు. శంభుదాసు పెద్ద మనసు చేసుకుని, ద్రోహి అనకండి, పాపం పెద్దావిడ, ముందుచూపు తక్కువ, అని సర్దిచెప్పాడు. అడవి మొత్తానికి ముందు చూసి పెట్టేది ఆవిడే అన్న సంగతి ఆ సభలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

ఇక ఎవరు వెళ్ళాలన్న మాట వచ్చింది. అందాకా ఛాతీలు విరుచుకుని కూచున్నవాళ్ళంతా ఒక్కసారి నేల చూపులు మొదలుపెట్టారు. చిరుతకి మోకాళ్ళ నొప్పులట. తోడేలు జాతకంలో గాలి గండం ఉందట. ఎలుగుబంటికి వాళ్ళమ్మ ఒప్పుకోదట. చివరికి బుల్లబ్బాయి అనే కుందేలు ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు. ఎందుకంటే అతనొక్కడే ఆరోజు సభకి రాలేదు. భార్య మంగతాయారు పచ్చి బాలింత కావడంతో లేత గడ్డి తేవడానికి వెళ్ళాడు పాపం.

కబురు తెలిసి బుల్లబ్బాయికి భయమేసింది. అబద్ధమెందుకు, చచ్చేంత భయమేసింది. కానీ రాజాజ్ఞ. మంగతాయారు మాత్రం పిల్లల్ని పక్కింట్లో అప్పజెప్పి తిన్నగా శంభుదాసు దగ్గరికి వెళ్ళింది.

"అన్నయ్యగారూ, మావారిని పైకి తీసుకెళ్ళేది ఎవరు?"

"గద్దలమ్మా. బుట్టలో కూచోబెట్టి మోసుకెళ్తాయి."

"గద్దలు మావాళ్ళని ఎత్తుకుపోవడం కొత్తేం కాదండీ. మా మామగారూ అలాగే పైకెళ్ళారు. ఇంతవరకూ దిగలేదు."

శంభుదాసు, ఆయనది సొంత ప్రయాణమమ్మా, దాన్ని లెక్కలోకి తీసుకోలేం, ఇది అధికార ప్రయాణం, అన్నాడు. పైగా ఈసారి గద్దలకి ముందే కడుపునిండా చేపలు పెడతామని హామీ ఇచ్చాడు. మరి దిగడం ఎలా అని మంగతాయారు నిలదీస్తే, ప్రస్తుతానికి ఎక్కడానికే సంఘం వేశామనీ, దిగడానికి వేరే సంఘం వెయ్యాలనీ చెప్పి పంపేశాడు. ఆ పిల్ల దారి పొడుగునా ఏడుస్తూనే ఇంటికెళ్ళింది.

పరీక్షలు మొదలయ్యాయి. గిజిగాళ్ళు బుట్ట అల్లారు, దానికి తీగలు కట్టారు. గద్దలు కొండమీది కొలువు మానేసి పగలల్లా ఆ తీగలు పట్టుకుని ఎగరడమే. ముందుగా ఒక గుమ్మడికాయని పంపించారు. కాయగా వెళ్ళింది, ముక్కలుగా వచ్చింది. ప్రయాణం పొడుగునా గుమ్మడికాయ ఎంతో ధైర్యం చూపిందని సంఘం ప్రకటించింది. తర్వాత తాబేలుని పంపించారు. దిగాక పైనేం కనబడిందని అడిగితే, "లోపలంతా చీకటిగా ఉందండీ" అన్నాడు. బుట్ట కదలగానే డిప్పలోకి దూరిపోయి మళ్ళీ నేల తగిలాకే తల బయటపెట్టాడు మహానుభావుడు. ఇది వట్టి పరీక్ష కనక ఆకాశయానం లెక్కలోకి రాదని సంఘం తేల్చేసింది.

ప్రయాణానికి రాజుగారి పుట్టినరోజు ముహూర్తం పెట్టారు. ఆ వేళకి పడమటి కొండలు నల్లగా కమ్ముకుని ఉన్నాయి. ఎగువన గట్టి వాన కొడుతున్నట్టుంది, ఒక్క రెండు గద్దల్ని వదిలిపెట్టండి, చూసొస్తాను, అని నరసమ్మ బతిమాలింది. రెండు గద్దలు తగ్గితే బుట్ట ఒక పక్కకి ఒరుగుతుంది, చూడ్డానికి బాగుండదు, అన్నాడు శంభుదాసు. ఆవిణ్ణి కూడా దారి చూపడానికి బుట్ట ముందు ఎగరమన్నారు.

విశాలంగా ఉంటుందని వాగు ఒడ్డున ఇసుక మేటమీద పందిరి వేశారు. అడవంతా అక్కడే చేరింది. మంగతాయారుని, పిల్లల్ని రాజుగారి పక్కనే కూచోబెట్టారు. గాల్లో మాట్లాడే హక్కు నాలుగు కాళ్ళవాడికే అని కట్టుబాటు పెట్టారు. అతని మాట కిందికి చేరవెయ్యడానికి చెట్టు చెట్టుకీ ఒక చిలక. కుందేలు ఏమంటాడో ఏమో అన్న అనుమానంతో శంభుదాసు ఆ చిలకలకి ముందుగానే నెల రోజులు పాఠం చెప్పి పెట్టాడు.

డప్పులు మోగాయి. బుట్ట లేచింది. బుల్లబ్బాయి రెండు చెవులూ కళ్ళమీదికి లాక్కుని, అడుగున ముడుచుకుని, ఇంటిల్లిపాదినీ తల్చుకుంటున్నాడు.

చెట్ల తలలు దాటగానే నరసమ్మకి కనబడింది. కొండల సందులోంచి ఎర్రటి నీళ్ళు, చెట్లని వేళ్ళతో సహా పెకలించుకుంటూ, వాగు వెంట దూసుకొస్తున్నాయి. కింద ఇసుక మేటమీద అడవి మొత్తం నోళ్ళు తెరుచుకుని పైకి చూస్తోంది.

"అబ్బాయీ, వరద. గట్టిగా కేకెయ్యి" అంది నరసమ్మ.

బుల్లబ్బాయి కళ్ళు తెరవకుండానే, "వరదొస్తోంది, గుట్టెక్కండి" అని గొంతు చించుకుని అరిచాడు. మొదటి చిలక అందుకుంది. "అడవంతా పచ్చగా ఉంది, అంతా రాజుగారి దయ" అంది. రెండో చిలకా అదే అంది. ఆఖరి చిలక కూడా చక్కగా, తప్పు పోకుండా అదే అప్పజెప్పింది. కింద జేజేలు కొట్టారు.

బుట్ట వదిలేసి మనమే వెళ్ళి చెప్దామంది ఒక గద్ద. నరసమ్మ గిర్రున తిరిగింది.

"వీడింట్లో పాలు తాగే పిల్లలున్నారే. అయినా ఈ సంఘం పుట్టాక మన మాట ఎవరు విన్నారు? బుట్టని గుట్టవైపు తిప్పండి. కిందగా, అందరికీ కనబడేట్టు ఎగరండి. ఎత్తుకుపోతున్నామనుకుంటే వాళ్ళే వెంటపడతారు."

అలాగే అయింది. బుట్ట దారి మళ్ళేసరికి శంభుదాసు లేచి, అడవి పరువు ఎత్తుకుపోతున్నారు, పట్టుకోండి, అని కేకలు పెట్టాడు. రాజుగారు ఆసనం మీంచి ఒక్క దూకు దూకారు. మోకాళ్ళ నొప్పుల చిరుత అందరికంటే ముందు పరిగెత్తాడు. మంగతాయారు పిల్లల్ని ముందుకి తోసుకుంటూ, గద్దల్ని నోటికొచ్చినట్టు తిడుతూ గుట్టెక్కింది. తాబేలొక్కడే కదల్లేదు. నీళ్ళొచ్చినా రాకపోయినా అతనికి ఒకటే.

గుట్టమీద బుట్ట దిగింది. రాజుగారు రొప్పుతూ వచ్చి నరసమ్మ మెడ పట్టుకోబోతుండగా వెనక పెద్ద చప్పుడైంది. అందరూ తిరిగి చూశారు. పందిరి లేదు, ఆసనం లేదు, ఇసుక మేటే లేదు. ఎర్రటి నీళ్ళు సుడులు తిరుగుతున్నాయి.

ముందుగా తేరుకున్నది శంభుదాసే. ఎంతైనా కార్యదర్శి.

"చూశారా ప్రభూ, నాలుగు కాళ్ళవాడు పైకెళ్ళబట్టి అడవి బతికింది. ఆకాశయానం ఎందుకని అడిగినవాళ్ళకి ఇదే జవాబు."

గుట్టంతా జేజేలతో దద్దరిల్లింది. బుల్లబ్బాయి బుట్టలోంచి లేచి, తను కళ్ళే తెరవలేదనీ, చూసింది నరసమ్మ పిన్ని అనీ మొత్తుకున్నాడు. వీరులకి వినయం సహజమన్నారు రాజుగారు. అతని మెడలో దండ వేసి, వచ్చే పుట్టినరోజుకి ఇతనే చంద్రుడి మీదికి వెళ్తాడని అక్కడికక్కడే ప్రకటించేశారు. మంగతాయారు కూలబడిపోయింది.

నరసమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళు చూసింది తను, ఇవాళ చూసింది తను, దండ ఇంకొకరికి. నోరు తెరిచి నిజం అరవాలనిపించింది. అరిస్తే ఏమవుతుంది? తనని ద్రోహి అంటారు, కుందేల్ని చంద్రుడి మీదికి పంపుతారు, అంతే. మంగతాయారు మొహం చూసి ఆవిడ ఆ నిజాన్ని గుటకేసింది.

"మహాప్రభూ, ఆకాశం చూసొచ్చిన నాలుగు కాళ్ళవాడు అడవి మొత్తానికి ఈయనొక్కడే. ఇంతటి అనుభవజ్ఞుణ్ణి మళ్ళీ పైకి పంపి పోగొట్టుకుంటామా? మా కొలువుకి ఈయన్నే అధిపతిని చెయ్యండి. నేలమీదే కూచుని మాకు దారి చెప్తారు. మేం ఆయన కింద పడుంటాం" అంది.

శంభుదాసుకి ఇది చాలా నచ్చింది, కొత్త పదవి అంటే కొత్త సంఘం కదా. రాజుగారు సరేనన్నారు. చంద్రుడి మీదికి వెళ్ళేవాడి కోసం వేరే సంఘం వేశారు. అది ఇప్పటికీ కూచునే ఉంది.

ఆనాటి నుంచి తెల్లారగానే నరసమ్మ పైకెళ్ళి నాలుగు దిక్కులూ చూసొచ్చి బుల్లబ్బాయి చెవిలో చెప్తుంది. బుల్లబ్బాయి దండ సర్దుకుని వెళ్ళి అదే మాట రాజుగారికి చెప్తాడు. రాజుగారు లేచి నిలబడి వింటారు. అడవిలో ఆ తర్వాత నిప్పుకి గానీ నీళ్ళకి గానీ ఒక్క ప్రాణం పోలేదు. నెలకోసారి సభ పెట్టి, ఇదంతా ఆకాశయానం చలవే అని అందరూ చెప్పుకుంటారు. ఆ సభకి నరసమ్మని పిలవరు, పక్షులకి అక్కడేం పని అని.

నీతి కావాలన్నవాళ్ళకి: నిజానికి రెక్కలుంటే చాలదు, నాలుగు కాళ్ళు కూడా ఉండాలి.