పరాయి పీపా

మంగళవారం ఉదయం ఎవెలియో బాత్తిస్తెల్లా వేసుకున్న కార్యక్రమం అతి సామాన్యమైనది. ఆలస్యంగా లేవడం, భార్య మిర్తా పోసిచ్చిన మాతే కషాయాన్ని గొట్టంతో పీల్చడం, కిటికీలోంచి ఎవరైనా తొంగిచూస్తే మూలగడం, చూడనప్పుడు వెనకగదిలో బీరు పీపాకు కాపలా కాయడం. విల్యా ఓబ్దులియా ఊరి నీటి సంఘంలో ఫిర్యాదుల బల్లను ఏకచ్ఛత్రంగా ఏలే ఆయన, నడుము పట్టేసిందని ఆ వారమంతా సెలవు పెట్టాడు. నిజానికి బీరుకు చేదునిచ్చే హాప్ పువ్వుల తోటలున్న ఆ లోయలో అంతటి దృఢమైన నడుము మరొకటి లేదు. సెలవు కావలసింది నడుముకు కాదు, కీర్తికి.

"బంగారు నురుగు" అనే టీవీ పోటీని దేశమంతా ఆదివారం మధ్యాహ్నం, మాంసం కాల్చిన బొగ్గులు ఇంకా చల్లారకముందే చూస్తుంది. ఇళ్లలో బీరు కాచుకునే సామాన్యులను రాజధాని బ్వేనోస్ ఐరెస్‌కు రప్పించి, కెమెరాల ముందు కాయించి, చివరికి ఒకరి నెత్తిన కిరీటం పెడతారు. అభ్యర్థులను ఎంచే పద్ధతి మాత్రం పూర్వకాలపు రాజులది: రుచి చూసే నిపుణులు చెప్పాపెట్టకుండా మారువేషంలో ఇంటికి వస్తారు. పోయిన ఏడాది ఒక ఊళ్లో గ్యాసు బండలవాడి వేషంలో దిగారు. మరో ఊళ్లో పాస్టరుగా వచ్చి, ఇంటిల్లిపాది చేత ప్రార్థన చేయించి మరీ పీపా మూత తీశారు. "ఈ వారంలో ఏ రోజైనా రావచ్చు" అని ఎవెలియోకు ఫోను వచ్చింది. జన్మంతా ఊరివాళ్ల కుళాయిల గోడు విన్న మనిషి చేతి పనిని దేశం రుచి చూసే అవకాశం అదొక్కటే.

అనుమానం ఎవెలియోకు పుట్టుకతో అబ్బిన విద్య. బీరును పులియబెట్టే ఈస్టు సీసా మీద "దగ్గు మందు" అని రాసిపెట్టుకున్నాడు. ఆయన అనుమానాల జాబితాకు శిరోభూషణం నజారెనో. సంఘంలో అవతలి గోడ పక్క బల్ల, మీటర్ల విభాగం. ఇంటి దగ్గర తనూ బీరు కాస్తాడు. ప్రతి గురువారం సాయంత్రం నజారెనో షెడ్డులో కూర్చుని ఇద్దరూ ఒకరి బీరు ఒకరు తాగుతారు. మొన్నటి గురువారం జరిగిన సంభాషణను ఎవెలియో ఇంకా నెమరు వేస్తూనే ఉన్నాడు.

"ఒరేయ్ ముసలోడా, దీన్లో ఏం పువ్వు వేశావు?" అని నజారెనో అడిగాడు.

"హాప్ పువ్వు."

"అది మా మేకక్కూడా తెలుసు. ఏ రకం?"

"ఆకుపచ్చ రకం."

నజారెనో పకపకా నవ్వి తన గ్లాసు వాసన చూసుకున్నాడు. "నాది మళ్లీ తడిసిన గొర్రె కంపే కొడుతోంది. పొద్దంతా మీటరు గిర్రున తిరుగుతోందని జనం నన్ను తిడతారు, ఇంటికొచ్చి మూత తీస్తే ఇదీ తిట్టినట్టే ఉంటుంది. నువ్వు అదృష్టవంతుడివిరా. ఆ టీవీవాళ్లు వస్తే ఏం వేషంలో వస్తారంటావు?"

"నాకేం తెలుసు? ఎందుకడుగుతున్నావు?"

"ఊరికేరా బాబూ!"

ఊరికే అడిగే ప్రశ్న అనేది ఈ సృష్టిలో లేదని ఎవెలియో దృఢ విశ్వాసం.

అటువంటి నజారెనో మంగళవారం ఉదయం ఆఫీసు నుంచి గుసగుసగా ఫోను చేశాడు. "ఒరేయ్, మన పెద్దసారు ఇంజనీరు ఫున్యెస్ నీ మీదికి డాక్టర్ని తోలాడు. ఇప్పుడే బయల్దేరాడు. వెంటనే మంచం ఎక్కు. గట్టిగా మూలుగు."

ఎవెలియో ఫోను పెట్టేసి చిరునవ్వు నవ్వాడు. ఎత్తు ఇప్పుడు అర్థమైంది. వచ్చేది డాక్టరు కాదు, డాక్టరు వేషంలో ఉన్న నిపుణుడు. ఆయన గుమ్మంలోకి అడుగుపెట్టేసరికి అభ్యర్థి కదలలేని రోగిగా మంచాన పడి ఉండాలి. అదీ నజారెనో పన్నాగం! అప్పుడే మిర్తా రొట్టెల దుకాణానికి బయల్దేరింది. ఎవెలియో గెడ్డం గీసుకుని, పెళ్లిళ్లకు వేసుకునే చొక్కా తొడుక్కుని నిలబడ్డాడు.

గంట మోగింది. గుమ్మంలో నలిగిన కోటు, తోలుసంచి, నిద్ర చాలని కళ్లు.

"నేను డాక్టర్ ఉగార్తే. మీ సంఘంవాళ్లు పంపారు. నడుము నొప్పని..."

"ఆహా! డాక్టరు గారా!" అంటూ ఎవెలియో కన్ను గీటాడు. "నడుము నొప్పా? ఎవరికండీ?"

"మీకే కదా?"

"అయితే చూడండి." బార్లీ ఉడికించే పెద్ద గంగాళం నిండా నీళ్లున్నాయి. దాన్ని రెండు చేతులా తలపైకి ఎత్తి, చుక్క తొణక్కుండా గది చుట్టూ ప్రదక్షిణం చేసి దింపాడు. వంగి కాలివేళ్లు తాకాడు. అడగకుండానే మళ్లీ తాకాడు.

వచ్చినాయన సంచిలోంచి గుండె చూసే గొట్టం తీసి ఛాతీకి ఆనించాడు. చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టాడు. 'వేషానికి ఎంత ఖర్చు పెట్టారో!' అని ఎవెలియో మనసులోనే మెచ్చుకున్నాడు.

"నిద్ర బాగా పడుతుందా?"

"పీపాలో పొంగు ఆగేదాకా పట్టదండీ."

"ఆకలి?"

"అది తర్వాత. ముందు ఈ బీరు పుచ్చుకోండి."

"డ్యూటీలో ఉన్నానండీ."

"మీ డ్యూటీ ఏదో నాకు తెలియదనుకున్నారా?" అని ఎవెలియో మళ్లీ కన్ను గీటాడు.

పొద్దున్నుంచి రోగుల దగ్గర మూలుగులు తప్ప మరేదీ అందని ఆ మనిషి గ్లాసు అందుకున్నాడు. తాగి, పెదవులు చప్పరించాడు. ఆ పెదవులు పొడిబారకుండా ఎవెలియో మళ్లీ పోశాడు. చివరికి ఆయన "ఇంతటి ఆరోగ్యాన్ని ఈ లోయలో నేనెన్నడూ చూడలేదు" అని, ఆతిథ్యం సంగతి తన పైవాళ్లకు తెలియనవసరం లేదని బతిమాలి, కొద్దిగా తూలుతూ వెళ్లిపోయాడు.

మిర్తా రొట్టెల పొట్లంతో లోపలికి వచ్చింది. "ఏమయ్యా బొండాం, డాక్టర్ ఉగార్తే మన గేటు పట్టుకుని పాటలు పాడుతున్నాడేమిటి?"

"ఆయన డాక్టరు కాదే పిచ్చిదానా. టీవీ నిపుణుడు."

"పక్క ఊళ్లో మా అక్క ఉబ్బసానికి ఏళ్ల తరబడి మందిస్తున్న మనిషి నిపుణుడు కాక ఏమవుతాడు? ఏం చేశావు ఆయన్ని?"

ఎవెలియో కుర్చీలో కూలబడ్డాడు. నజారెనో నిజమే చెప్పాడు. స్నేహితుడు నిజం చెబుతాడని మాత్రం ఎవడనుకుంటాడు! ఇక గంగాళం సంగతి ఇంజనీరు చెవిన పడుతుంది, నొప్పి మాట ఆయన ఇక నమ్మడు, విచారణకు పై ఆఫీసు మనిషినే పంపుతాడు. ఈసారి మాత్రం తప్పు జరగకూడదు. మిర్తా గొణుక్కుంటూనే మంచం పరిచింది. నొప్పులకు ఆ ఊరి చిట్కా ప్రకారం మొగుడి నుదుటి మీద బంగాళాదుంప చక్రాలు అతికించి గుడ్డ కట్టింది. పెళ్లి చొక్కా మీద ఉన్ని శాలువా కప్పింది. ఎవెలియో కళ్లు మూసుకుని, రాబోయే విచారణకు తగిన మూలుగును సాధన చేశాడు.

మధ్యాహ్నం మళ్లీ గంట మోగింది. సంఘం వాళ్ల నీలం టోపీ పెట్టుకున్న ఒక స్త్రీ. ఆఫీసులో ఎన్నడూ కనిపించని ముఖం.

"నీటి సంఘం నుంచి వచ్చాను" అందామె. "ఇల్లంతా ఒకసారి చూడాలి."

'అనుకున్నంతా అయింది' అని ఎవెలియో శాలువాలోంచి మూలిగాడు. పై ఆఫీసు!

"ఏమిటీ వాసన? బార్లీ ఉడికించారా?"

"నడుముకి పట్టు వేశామమ్మా" అంది మిర్తా.

ఆమె ముక్కు ముందు నడవగా తాను వెనక నడిచి, వెనకగది తలుపు తీసింది. పీపా మూత మీది గొట్టం బుడుంగుమని పలకరించింది. "ఈ బీరు ఎవరు కాచారు?"

గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడం తెలిసిందే. ఎవెలియో ఏకంగా భుజాలు ఊడదీసి స్నేహితుడికి తగిలించాడు. "నాది కాదమ్మా! నజారెనో అని, నా స్నేహితుడిది. వాళ్లింట్లో చోటు లేదని ఇక్కడ పెట్టుకున్నాడు. నాకసలు ఆ వాసనే పడదు. మన సంఘం నీళ్లు తప్ప మరొకటి నోట పెట్టను."

"చాలా సంతోషం" అంటూ ఆమె తన సంచిలోంచే గ్లాసు తీసి పీపా కుళాయి తిప్పింది. వెలుతురుకు ఎత్తి చూసింది. పుక్కిలించింది. కళ్లు మూసుకుంది. ఆ ముఖంలో విరిసిన శాంతిని ఎవెలియో తలుపు సందులోంచి చూసి మూలగడం మరిచాడు.

"అద్భుతం. ఈ హాప్ పువ్వు బయటిదే, దిగుమతి సరుకు. ఔనా?"

అది ఇంటి వెనక గోడమీద ఆయన స్వహస్తాలతో పాకించిన తీగ! తేలు కుట్టిన దొంగకు ఎంత గొంతు పెగులుతుందో ఎవెలియోకూ అంతే పెగిలింది. శాలువా అంచు కొరుక్కుంటూ "అది... నజారెనోకే తెలియాలి" అన్నాడు.

"ఆయన ఇల్లెక్కడ?"

మిర్తా దారి చెప్పింది. నీలం టోపీ రెండు సీసాలు నింపుకుని వెళ్లిపోయింది. విచారణ గట్టెక్కిందని ఎవెలియో నుదుటి మీది బంగాళాదుంపలు ఒలిచి పారేశాడు.

సాయంత్రం నజారెనో రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు. "ఒరేయ్! మా ఇంటి ముందు కెమెరాలు! నీలం టోపీ పెట్టుకున్నావిడ టీవీ నిపుణురాలట, పేరు ఎడిత్. నీ బీరు నాదంటోంది. తుదిపోరుకు నన్నెంచారట! నాది కాదని మొత్తుకున్నాను. ఎంత వినయమని మురిసిపోయింది. లే, ఇప్పుడే పోయి నిజం చెబుదాం."

ఎవెలియో స్నేహితుడి ముఖంలోకి చాలాసేపు చూశాడు. అక్కడ మోసం కోసం వెతికాడు. అలవాటు కొద్దీ రెండోసారి కూడా వెతికాడు. దొరకలేదు. కళ్లు చెమర్చాయి. చెప్పుల కోసం మంచం కింద కాలు పెట్టాడు.

"చెప్పు చెప్పు" అంది మిర్తా. "దేశమంతా వినేలా చెప్పు. నడుము పట్టేసిందని జీతంతో సెలవు పెట్టి బీరు కాచానని. ఫున్యెస్ ఇంట్లో టీవీ లేదనుకున్నావా?"

కాలు వెనక్కి వచ్చింది.

"నజారెనో" అన్నాడు ఎవెలియో, గొంతు తగ్గించి. "అది నీ బీరేరా."

"నీకేమైనా పిచ్చా? అక్కడ నన్ను ప్రశ్నలడుగుతారు. ఏం పువ్వని అడుగుతారు!"

"కూర్చో. చెబుతాను."

కట్టుకున్న భార్యకు కూడా ఏళ్ల తరబడి చెప్పని రహస్యాలను ఎవెలియో ఆ సాయంత్రం ఒక్కొక్కటిగా దానం చేశాడు. గోడమీది తీగ, చల్లార్చే వేళ, చివర్లో కలిపే చెంచాడు అడవి తేనె, దగ్గు మందు సీసాలో నిజంగా ఉన్నదేమిటో. నజారెనో శ్రద్ధగా విన్నాడు, మధ్యమధ్య "ఆకుపచ్చ రకమా మరి?" అని అడిగాడు, ఎగతాళిగా కాదు, నేర్చుకోవాలనే.

మర్నాడు ఎవెలియో పెందలాడే ఆఫీసుకు చేరాడు. ఇంజనీరు ఫున్యెస్ చేతులు చాచి ఎదురొచ్చాడు.

"రావయ్యా బాత్తిస్తెల్లా! లేచావన్నమాట! డాక్టరు గారు నీ గురించి, నువ్వెత్తిన గంగాళం గురించి మహా గొప్పగా చెప్పారు. మన నజారెనో సంగతి విన్నావా? 'బంగారు నురుగు'లో తుదిపోరు! తెల్లారగానే వచ్చి, బీరు పోటీకి పోవాలండీ, సెలవు కావాలండీ అన్నాడు. ఉన్నదున్నట్టు. జీతంతో సహా ఇచ్చేశాను. మా ఆవిడా నేనూ ఆ కార్యక్రమం ఒక్క వారం తప్పం. మన సంఘం మనిషి కిరీటం పెట్టుకుంటానంటే ఎవడు కాదంటాడయ్యా?"

"నిజమేనండి" అన్నాడు ఎవెలియో.

"అతను తిరిగొచ్చేదాకా మీటర్ల బల్ల కూడా నువ్వే చూడాలి. ఎవరికప్పగిద్దామా అని మథనపడుతుంటే డాక్టరు గారి మాట గుర్తొచ్చింది. ఆ గోడ పక్కనుంది. జాగ్రత్త, ఇనుప బల్ల. ఇద్దరు పట్టుకుంటే గానీ కదలదు."

ఎవెలియో ఒక్కడే దాన్ని ఎత్తి తెచ్చి తన బల్ల పక్కన వేసుకున్నాడు.