జంక్షన్‌లో దొరికిన తాతగారు

ఆ ఆదివారం పొద్దున వీరభద్రయ్య పెట్టుకున్న పని చాలా చిన్నది. ఉప్మా తిని, పాత పంచె చింపి దాచుకున్న మెత్తటి గుడ్డతో తన పింగాణీ కప్పుల్ని తీరుబడిగా ఒక్కొక్కటే తుడుచుకోవాలి. బెజవాడ వన్‌టౌన్‌లో ఆయనది చేనేత చీరల కొట్టు. వారమంతా కొత్త చీరలు విప్పి చూపించడం, వచ్చినవాళ్ళు కొనకుండా వెళ్ళిపోయాక మళ్ళీ మడతపెట్టడం. అందుకేనేమో కొత్తదంటే ఆయనకు మొహం మొత్తింది. పాతదైతే చాలు, ప్రాణం లేచొస్తుంది.

గుణదలలోని ఆ ఇంట్లో పిడి లేని కప్పులున్నాయి, మూత లేని జాడీలున్నాయి, ముల్లు కదలని గోడగడియారం ఉంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఎవరివో తెలియని పాత ఫొటోలున్నాయి. హనుమాన్ జంక్షన్‌లో పాత సామాన్లు అమ్మే ఇశ్రాయేలు, సరుకు దిగగానే ముందు వీరభద్రయ్యకే ఫోన్ చేస్తాడు. ఆ కొట్లో దుమ్ము కొట్టుకుపోయి, గోడకు బోర్లా ఆనించి ఉన్న ఫొటోలను చూస్తే ఆయనకు కడుపు తరుక్కుపోయేది. ఉన్నంతలో మంచి బట్టలు కట్టుకుని, కదిలితే చెడిపోతుందని ఊపిరి బిగబట్టి కెమెరా ముందు కూచున్న మనుషులు కదా వాళ్ళు. ఎవరో ఒకరు ఇంటికి తీసుకెళ్ళి దుమ్ము తుడవాలనేది ఆయన వాదం. ఆ ఎవరో ఒకరు మీరే ఎందుకు కావాలనేది భార్య చౌడేశ్వరి వాదం. ఆ వ్యాజ్యం పెళ్ళయిననాటి నుంచీ వాయిదాల మీద నడుస్తూనే ఉంది.

ఆ పూట మాత్రం తీర్పు వచ్చేసింది. పెద్దకూతురు కీర్తనను చూసుకోవడానికి కంకిపాడు నుంచి పెళ్ళివారు వస్తున్నారు. చూసుకోవడమన్నది మాటవరసకే. కీర్తన, ఆ అబ్బాయి కిరీటి ఒకే ఆఫీసులో పనిచేస్తూ ఒకరినొకరు ఏడాదిగా చూసుకుంటూనే ఉన్నారు. గోత్రాలు వేరని కనుక్కున్నారు, జాతకాలు కుదిరాయి. ఇక పెద్దలు ఔననడమే మిగిలింది.

"వచ్చేవాళ్ళు పిల్లని చూడ్డానికి వస్తున్నారు. పాత సామాన్ల కొట్టు చూడ్డానికి కాదు. పిడి లేని కప్పు ఒక్కటి వాళ్ళ కంటపడినా, రేపు ఇవన్నీ ఇశ్రాయేలు దగ్గరికే పోతాయి" అంది చౌడేశ్వరి.

కీర్తన తండ్రిని పక్కకు పిలిచి ఇంకో మాట అడిగింది. "నాన్నా, నీకు పాత సామాన్ల మాట మొదలెడితే ఆగడం తెలీదు. ఇవాళ ఒక్కరోజు అమ్మ ఏం చెప్తే దానికి ఊఁ కొట్టు. ఈ సంబంధం తప్పిపోతే నేను తట్టుకోలేను." వీరభద్రయ్య ఇక కప్పుల సంగతి ఎత్తలేదు. అన్నిటినీ తనే మోసుకెళ్ళి మంచం కింద పెట్టి, దుప్పటి కిందికి లాగాడు.

హాల్లో ఒక్క ఫొటో మాత్రం మిగిలిపోయింది. తలపాగా, గుబురు మీసం, భుజాన జరీ కండువా, ఒళ్ళో అడ్డంగా గొడుగు పెట్టుకుని కుర్చీలో కూచున్న పెద్దాయన. రెండేళ్ళ కిందట ఇశ్రాయేలు దగ్గర దొరికాడు. దాన్ని తియ్యడానికి వీల్లేదు. పైవాటా వాళ్ళ బాత్రూమ్ పుణ్యమా అని దాని వెనక గోడ చెమ్మెక్కి, సున్నం పెచ్చులూడిపోయింది. చౌడేశ్వరి కాసేపు ఆలోచించి, దేవుడికని తెప్పించిన బంతిపూల దండ తెచ్చి ఫొటోకి వేసింది. అద్దం మీద కుంకుమబొట్టు కూడా పెట్టింది. అప్పటిదాకా పాత సామాను అయిన మనిషి దండ పడగానే ఇంటిపెద్ద అయిపోయాడు.

పెళ్ళివారు ముగ్గురే వచ్చారు. కిరీటికి తల్లి లేదు. తండ్రి హరిబాబు కంకిపాడులో బట్టల కొట్టు నడుపుతాడు. ఇంట్లో పెత్తనమంతా హరిబాబు తల్లి రాజ్యలక్ష్మమ్మది. ఆవిడ సోఫాలో కూచుని, కీర్తనను నాలుగు మాటలడిగి, పిల్ల కళగా ఉందని తేల్చేసింది. స్వీట్లు వచ్చాయి. వీరభద్రయ్య అన్నిటికీ ఊఁ కొడుతూ, గండం గట్టెక్కినట్టేనని గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు.

అప్పుడు హరిబాబు గోడవైపు చూశాడు. "ఆ పెద్దాయన ఎవరు బావగారూ? మంచి దర్జాగా ఉన్నారు."

వీరభద్రయ్య నోరు తెరిచాడు. కీర్తన చూపు చూసి మళ్ళీ మూసుకున్నాడు.

"మా మామగారి నాన్నగారండీ" అంది చౌడేశ్వరి.

అక్కడితో ఆగినా సరిపోయేది. కానీ అబద్ధం ఒకసారి మొదలయ్యాక చౌడేశ్వరికి చెయ్యి తిరిగిపోయింది. ఆయన పది మగ్గాలు పెట్టి పదిమందికి అన్నం పెట్టాడంది. గొడుగు లేకుండా గడప దాటేవాడు కాదంది. బెజవాడలో ఆయన చీరంటే జనం ఎగబడేవారంది. వింటుంటే వీరభద్రయ్యకే ఆ తాతగారి మీద గౌరవం పుట్టుకొచ్చింది.

గొడుగు మాట వినగానే రాజ్యలక్ష్మమ్మ సంచిలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంది. లేచి ఫొటో దగ్గరికి వెళ్ళింది. చాలాసేపు చూసింది.

"హరీ, ఇలా రా. ఈయన మీ తాతయ్యరా. మా మామగారు" అంది.

హరిబాబు వెళ్ళి చూశాడు. చూసినకొద్దీ ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. ఆ మొహాన్ని చిన్నప్పటి నుంచీ తమ ఇంటి గోడ మీద చూస్తూనే పెరిగాడు మరి.

"అనుకుంటూనే ఉన్నాను. చీరల మూటేసుకుని బెజవాడ వెళ్తే వారంపది రోజులు ఇటేపు చూసేవాడు కాదు. నూలు దొరకలేదే, అందుకే ఆగాననేవాడు. మా అత్తగారు ఒక్కనాడూ నమ్మలేదు" అంది రాజ్యలక్ష్మమ్మ, మెల్లగా సోఫాలో కూలబడుతూ. "రెండో ఇల్లన్నమాట."

"గోత్రం వేరన్నారే అమ్మా?"

"రెండో ఇల్లు కదరా. తల్లివైపుది చెప్పుకుని ఉంటారు."

హరిబాబుకు తోడబుట్టినవాళ్ళు లేరు. ఆ లోటు ఆయన మనసులో ఎన్నాళ్ళ నుంచి ఉందో గానీ, ఒక్క అంగలో వచ్చి వీరభద్రయ్యను గట్టిగా కావలించుకున్నాడు. "తమ్ముడూ" అన్నాడు. అప్పటిదాకా చెల్లెమ్మ అని పిలిచిన చౌడేశ్వరిని మరదలా అన్నాడు. పరాయి మగాడి చొక్కా తన చెంపకు తగులుతుంటే వీరభద్రయ్య ఏం చెయ్యాలో తోచక ఆయన వీపు నిమిరాడు.

కిరీటి చేతిలోని బందరు లడ్డు కింద పడింది. వరసలు కలుపుకోవడంలో అందరికన్నా ముందు తేరుకున్నది అతనే. తండ్రులు అన్నదమ్ములైతే, పిల్లలు అన్నాచెల్లెళ్ళు. కీర్తన మొహం పాలిపోయింది. ఏడుపు ఆపుకుంటూ తండ్రివైపు చూసింది. ఇచ్చిన మాటను ఆ చూపు ముందు ఇక నిలబెట్టుకోలేకపోయాడు వీరభద్రయ్య.

"ఆయన మా తాత కాదండీ. హనుమాన్ జంక్షన్‌లో కొన్నాను" అన్నాడు.

హరిబాబు బాధగా చూశాడు. "పెళ్ళి కోసం తాతనే కొనుక్కొచ్చానంటావా తమ్ముడూ?"

చౌడేశ్వరి కూడా కొంగుతో కళ్ళొత్తుకుంటూ అంతా తన నోటిదూలేనని ఒప్పుకుంది. ఎవరూ నమ్మలేదు. కూతురి కోసం తల్లి ఆమాత్రం అబద్ధమాడదా అంది రాజ్యలక్ష్మమ్మ. నిజం చెప్పినప్పుడు పట్టించుకునే దిక్కు లేక, అంతకుముందు చెప్పిన అబద్ధమే స్థిరపడిపోయింది.

ఇక వీరభద్రయ్యకు ఒకటే దారి కనిపించింది. లోపలికి పరుగెత్తి, మంచం కిందనుంచి తన ఆస్తినంతా హాల్లోకి మోసుకొచ్చాడు. చిన్నకూతురు మనోజ్ఞ కూడా ఒక చెయ్యి వేసింది. పెళ్ళివారి కళ్ళపడకూడదని పొద్దున దాచినవన్నీ వాళ్ళ కాళ్ళ దగ్గరే పరుచుకున్నాయి. పిడి లేని కప్పులు, మూత లేని జాడీలు, కోటు వేసుకున్న ప్లీడర్లు, జడకుచ్చుల పెళ్ళికూతుళ్ళు, బోర్లాపడుకున్న పసిపిల్లలు.

"చూడండి. వీళ్ళెవరూ మా వాళ్ళు కాదు. నాకిదో పిచ్చి. పాత ఫొటో కనిపిస్తే వదిలి రాలేను" అన్నాడు.

హరిబాబు ఆ ఫొటోలన్నిటినీ కలయజూశాడు. "ఇంతమంది బంధువుల్నీ కాదంటున్నావా?" అన్నాడు.

రాజ్యలక్ష్మమ్మ ఆ గోల పట్టించుకోలేదు. ఏది ఏమైనా మామగారికి ఒకసారి దణ్ణం పెట్టుకుంటాను, కిందికి దించమంది. కిరీటి కుర్చీ ఎక్కి ఫొటో దించాడు. దాంతో పెచ్చులూడిన గోడ కూడా బయటపడింది. చౌడేశ్వరి కళ్ళు మూసుకుంది. ఇంక దాచడానికి ఆ ఇంట్లో ఏమీ మిగల్లేదు.

ముసలావిడ దండ తీసి పక్కన పెట్టి, పటాన్ని ఒళ్ళో పెట్టుకుంది. చేత్తో ఫ్రేము నిమురుతూ పోయి, కుడివైపు పైమూల దగ్గర ఆగింది. దండ కప్పేసిన ఆ మూలలో చెక్క ముక్క ఒకటి లేచిపోయి ఉంది.

"ఈ మూల విరిగింది నా చేతిలోనే. కాపరానికి వచ్చిన కొత్తల్లో బూజు దులుపుతూ కర్ర తగిలించాను" అంది. ఆ తర్వాత నెమ్మదిగా తలెత్తి కొడుకువైపు చూసింది. "హరీ, మన పటం అద్దం మార్పించడానికి ఇచ్చానన్నావు. ఏ షాపులో ఇచ్చావురా?"

హరిబాబు కిరీటివైపు చూశాడు. కిరీటి ఫ్యానువైపు చూశాడు.

తర్వాత నిజం కక్కక తప్పలేదు. రెండేళ్ళ కిందట హరిబాబు ఇంటికి పెద్ద టీవీ వచ్చింది. టీవీకి గోడ కావాల్సొచ్చింది. ట్రాలీ ఆటోలో పాత సామాన్లు కొనుక్కుంటూ వెళ్ళేవాడికి పాడైపోయిన మిక్సీతోపాటు తాతయ్యను కూడా ఇచ్చేశాడు. ఆ పటం ఎప్పుడో తుక్కయిపోయి ఉంటుందనుకున్నాడే తప్ప, జంక్షన్ మీదుగా ఈ గోడెక్కుతుందని కలలో కూడా అనుకోలేదు. తల్లి అడిగినప్పుడల్లా షాపువాడికి ఒంట్లో బాగోలేదని చెబుతూ వచ్చాడు. ఆవిడ ఆ షాపువాడి ఆరోగ్యం కోసం గుళ్ళో రెండుసార్లు కొబ్బరికాయ కూడా కొట్టింది.

రాజ్యలక్ష్మమ్మ కొడుకు మీంచి చూపు తిప్పేసుకుంది. పటానికి చేతులు జోడించింది. "పాపం, నిజంగా నూలు దొరక్కే ఆగేవాడన్నమాట. అనవసరంగా అనుమానించాం మామయ్యా" అంటూ ఏడ్చి, ఏడుస్తూనే నవ్వేసింది. హాల్లో అందరికీ ఊపిరి తిరిగొచ్చింది.

"సొంత మనవడు మిక్సీతో పాటు అమ్మేస్తే, ముక్కూమొహం తెలీని మనిషి తెచ్చి గోడెక్కించాడు. ఆవిడేమో దండేసి, బొట్టు పెట్టి, లేని గొప్పలన్నీ చెప్పింది. ఇంతకన్నా మంచి ఇంటి పిల్ల మనకెక్కడ దొరుకుతుందిరా" అంది. కాఫీ ఆ పిడి లేని కప్పుల్లోనే పొయ్యమంది, తన పుట్టింట్లో అలాంటివే ఉండేవని. హరిబాబు మళ్ళీ బావగారూ అనడం మొదలుపెట్టాడు గానీ, తమ్ముడు పోయినందుకు ఆయన మొహంలో కాస్త దిగులు మాత్రం కనిపించింది.

పటాన్ని మాత్రం ఆవిడ వెంట తీసుకెళ్ళలేదు. తన ఇంట్లో ఇంకా పెద్ద టీవీ కొనే ప్రమాదముందని, పెళ్ళయ్యాకైతే కాపలాకి పిల్ల ఉంటుంది కాబట్టి అప్పుడు తనతోపాటే పంపమని చెప్పింది.

మాఘంలో పెళ్ళయింది. అప్పగింతలప్పుడు కీర్తన పక్కన, వెనకసీట్లో, పాత పట్టుచీరలో చుట్టిన తాతగారు కూడా కారెక్కారు. వీరభద్రయ్య వెక్కివెక్కి ఏడ్చాడు. కూతురు వెళ్ళిపోతున్నందుకేనని అందరూ అనుకున్నారు, చాలామటుకు అది నిజమే.

మర్నాడు పొద్దున ఆయన కప్పులు తుడుచుకుంటుంటే, చౌడేశ్వరి బోడిగా ఉన్న గోడను, పెచ్చులూడిన చెమ్మ మరకను చాలాసేపు చూస్తూ నిలబడింది.

"మనోజ్ఞకి కూడా రేపోమాపో సంబంధాలు చూడాలి. జంక్షన్‌కి వెళ్తే, ఈసారి వారసులెవరూ లేని తాతగారిని చూసి తెండి" అంది.