నదికి అటూ ఇటూ ఒకే పాఠం

“చూస్తూ ఉండవే, ఎక్కడో ఒకచోట మెలిక పెడతారు. సీటు చేతికొచ్చేదాకా నాకు నమ్మకం లేదు,” అంది డ్రీమా, కారు ఇంకా కాలేజీ గేటు దాటకముందే.

“ఇంకా ఏమీ కాలేదు కదమ్మా,” అంది కూతురు టాన్సీ.

“కాకముందు భయపడితే పోయేదేం లేదు. అయ్యాక భయపడి లాభం లేదు.”

బడి వంటగదిలో పిల్లలకు పొద్దున్నే బన్నుల్లాంటి బిస్కట్లూ, వాటి మీద పోసే గ్రేవీ వడ్డించే డ్రీమాకు చదువు పదో తరగతితో ఆగిపోయింది. కూతురు నర్సు కావాలి. కాకపోతే కోళ్లు కోసే ఫ్యాక్టరీలో చేరుతుంది, అక్కడ కత్తికి వేళ్లు పోతాయి, పోయాక బీమా వాళ్లు ఫోనెత్తరు. ఆమె భయాలు ఎప్పుడూ ఇలా వరస తప్పకుండా వస్తాయి.

ఆ రోజు కాలేజీలో పండగ. అధ్యక్షులు డాక్టర్ రాండాల్ విక్లిఫ్ గారు ‘ఒక్క క్రెడిట్‌నూ నేలపాలు కానివ్వం’ అనే మహోద్యమాన్ని ప్రారంభించారు. పాసైన కోర్సుకు కాలేజీ జమకట్టే ప్రతి క్రెడిటూ విద్యార్థి చెమటబొట్టేననీ, దాన్ని ఈ కాలేజీ కన్నతల్లిలా ఒడిసి పట్టుకుంటుందనీ గద్గద స్వరంతో సెలవిచ్చారు. రిబ్బను కత్తిరించబోతే కత్తెరకు తెగలేదు. ఆయన అధైర్యపడక చేత్తోనే తెంపారు. అంతటి కార్యదక్షులు. తర్వాత నినాదం రాసిన కేకు కోసి పంచారు. డ్రీమా పళ్లెంలోకి ‘నేలపాలు’ అన్న ముక్క వచ్చింది. ఆమె తినలేదు.

ఉద్యమానికి గుండెకాయ అనదగ్గది కొత్త అద్దాల సలహా కేంద్రం. దాన్ని కట్టడానికి డబ్బు చాలక ముగ్గురు సలహాదారులను తీసేశారు. మిగిలిన బ్రెంట్ అనే కుర్రవాడికి కూర్చోవడానికి నాలుగు కుర్చీలున్నాయి.

టాన్సీకి నర్సింగులో సీటు వచ్చింది. శరీరశాస్త్రం కోర్సు ముందే పాసై ఉండాలన్నది షరతు. ఇక్కడ ఆ క్లాసు పొద్దున పూట. పొద్దున పూట టాన్సీ హోటల్లో కాఫీలు అందించాలి. అందుకని నదికి అవతలి ఒడ్డున, అదే పాలక బోర్డు కింద నడిచే మరో కాలేజీలో సాయంత్రం పూట చదివి పాసైంది. రెండు చోట్లా చెప్పే మాస్టారు ఒక్కరే, ఎల్డన్ కాడిల్. పుస్తకం ఒకటే, పరీక్ష ఒకటే, మోకాలి చిప్ప గురించి ఆయన వేసే జోకు కూడా ఒకటే.

“మీ క్రెడిట్లు స్వీకరించామండీ,” అన్నాడు బ్రెంట్ కంప్యూటరులోకి చూస్తూ.

“హమ్మయ్య,” అంది టాన్సీ.

“కానీ లెక్కలోకి తీసుకోలేదు.”

“స్వీకరించి లెక్కలోకి తీసుకోకపోవడమేంటి బాబూ?” అంది డ్రీమా.

“రికార్డులో ఉంటాయండీ. నర్సింగుకు పనికిరావు.”

పెళ్లికి పిలిచి విస్తరి వేయకపోవడమన్నమాట. పోనీ ఆ కోర్సు మళ్లీ ఇక్కడే చదువుతాను, చేర్చుకోండి అంది టాన్సీ.

“కుదరదండీ. ఇప్పటికే పాసైన కోర్సులో మళ్లీ చేర్చుకోకూడదు.”

రెండు కాలేజీల కోర్సులూ ఒకటేనని, అలాంటివి విచారించే కాలేజీ సంఘం తేలిస్తే తప్ప దారి లేదట. శుక్రవారంలోగా తేలకపోతే సీటు వరసలో తర్వాతి వాళ్లకు పోతుంది. ఈ మాట చెప్పాక బ్రెంట్ తమను వదిలేస్తాడనుకున్నారు గానీ, సలహా ఎలా ఉందో చెప్పమని ఐదు నక్షత్రాల బొమ్మ చూపించాడు.

గురువారం సంఘం కూర్చుంది, తల్లీకూతుళ్లనూ రమ్మన్నారు. డాక్టర్ విక్లిఫ్ గారే అధ్యక్షత వహించారు. పక్కన డీన్ మర్లీన్ ఫుగేట్. విషయ నిపుణుడి అభిప్రాయం తప్పనిసరి కాబట్టి, కాలేజీలో ఆ విషయం తెలిసిన ఏకైక వ్యక్తిని, అంటే కాడిల్‌నే పిలిపించారు. ఆయన కారులోంచి పరుగున వచ్చాడు. రెండు కాలేజీల్లోనూ ఆయనకు సగం ఉద్యోగాలే. రెండు సగాలూ కలిస్తేనే ఇల్లు గడిచేది. ఆఫీసు గది మాత్రం ఎక్కడా లేదు, కారు వెనక సీటే.

ఆయన్ను చూడగానే టాన్సీ మొహం విప్పారింది. డ్రీమా ఎంత వెతికినా ఇక్కడ చెడిపోవడానికి ఏమీ కనిపించలేదు. దాంతో ఆమెకు మరీ భయం వేసింది.

ప్రశ్న అడిగే ముందు అధ్యక్షులవారు ఒక శుభవార్త వినిపించారు. నదికి అటూ ఇటూ ఒకే కోర్సు రెండుసార్లు చెప్పించడం ప్రజాధనానికి ద్రోహమని బోర్డు కనిపెట్టిందట. ఏ రెండు కోర్సులు ఒకటేనని రుజువైనా, ఆ మరుక్షణం ఒకదాన్ని, అది చెప్పే ఉద్యోగంతో సహా, ఎత్తేస్తారట. ఈ త్యాగంలో ఉపాధ్యాయులు కూడా సంతోషంగా పాలుపంచుకోవాలని కోరారు. తన వంతుగా, తనకున్న రెండు పార్కింగు స్థలాల్లో ఒకటి వదులుకున్నట్టు ప్రకటించారు. డీన్ చప్పట్లు కొట్టింది.

“ఇక చెప్పండి కాడిల్ గారూ,” అంది డీన్. “అవతలి కాలేజీలో చెప్పే పాఠం, ఇక్కడ చెప్పే పాఠం ఒకటేనా?”

కాడిల్ మెడలో వేలాడుతున్న రెండు కాలేజీల గుర్తింపు కార్డుల మీద చెయ్యి పెట్టుకున్నాడు. టాన్సీ ఆయన వంక ఇంకా నవ్వుతూనే చూస్తోంది. అధ్యక్షులవారు గడియారం చూసుకున్నారు.

“మాస్టారూ,” అంది డ్రీమా మెల్లగా. “మా పిల్లకి ఎముకల పేర్లన్నీ నేర్పింది మీరే కదా.”

ఆయన ఆమె వైపు చూశాడు. టాన్సీ వైపు చూడలేదు. గోడ మీద వేలాడదీసిన ఉద్యమ నినాదాన్ని పైనుంచి కిందికి, మళ్లీ కిందినుంచి పైకి చదివాడు. డీన్ కలం మూత తీసి, పెట్టి, మళ్లీ తీసింది. టాన్సీ పెదాల మీద నవ్వు ఎక్కడిదక్కడే ఆగిపోయింది.

“అవతల చెప్పే ఆయన ఎలా చెబుతాడో నాకు తెలియదండీ,” అన్నాడు కాడిల్.