ఒడెస్సా ఫైలూ, థాడ్ బర్క్‌హోల్డర్ మెదడూ

"ఈ ఐయోవా మొత్తం మీద పనికొచ్చే మెదళ్లు రెండే రెండు, ఎమెట్. ఒకటి బయాలజీ ల్యాబులో సీసాలో ఉంది. రెండోది నీ ఎదురుగా కూర్చుని కార్న్‌డాగ్ తింటోంది."

ఇలా సెలవిచ్చింది నా రూమ్మేటు థాడియస్ బర్క్‌హోల్డర్. మా కాలేజీ అథ్లెటిక్స్ జట్టులో షాట్‌పుట్ విసురుతాడు. ఆరడుగుల మూడంగుళాల పొడుగు, నూట ఇరవై కిలోల బరువు. నీడలా వెంటాడటంలో తనని మించినవాడు లేడంటాడు. ఆ నీడలో నలుగురు కూర్చుని భోంచేయొచ్చు. ఇంతవరకూ చేపట్టిన కేసులు నాలుగు. మూడింట్లో పోయిన వస్తువు పారేసుకున్నవాడి జేబులోనే దొరికింది. నాలుగోదాంట్లో అసలేమీ పోలేదు.

నా పేరు ఎమెట్ లుండ్. జట్టుకి హర్డిల్స్ మోసేది నేనే, టైములు రాసేది నేనే, వీడితో ఒకే గదిలో కాపరం చేసేదీ నేనే. మూడోదానికి మెడల్ ఇవ్వాలని ఇంతవరకూ ఎవరికీ తోచలేదు.

సరిగ్గా అప్పుడే ఒడెస్సా కింబల్ వచ్చి మా టేబుల్ దగ్గర కూలబడింది. నాలుగు వందల మీటర్ల హర్డిల్స్‌లో మా కాలేజీకున్న ఒకే ఒక్క ఆశ ఆ పిల్ల. కాలేజీలో ఇదే దాని ఆఖరి సంవత్సరం. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"డోపింగ్ పరీక్షకిచ్చిన నా శాంపిల్లో మందు దొరికిందట్రా," అంది.

థాడ్ కార్న్‌డాగ్ కింద పెట్టాడు. వాడు తిండి మధ్యలో వదిలెయ్యడం చూడటం నాకదే మొదలు.

"విషప్రయోగం!" అన్నాడు గొంతు తగ్గించి. క్యాంటీన్లో సగం మంది తిరిగి చూశారు.

"విషమూ లేదు, నీ మొహమూ లేదు. నా మాత్రే! ఏడీహెచ్‌డీకి నాలుగో క్లాసు నించీ రోజూ పొద్దున్నే వేసుకుంటున్నా కదరా."

మనసు ఒకచోట నిలవడానికి వేసుకునే ఆ మాత్ర, ఆటల్లో నిషేధించిన మందుల జాబితాలో ఉంది. ఉన్నా ఫర్వాలేదు, ఇలాంటివాళ్లకి వైద్య మినహాయింపు ఉంది. డాక్టరు పరీక్ష చేసిన కాగితాలూ, పాత వైద్యం వివరాలూ, మందు చీటీ అన్నీ కాలేజీలో ఒక ఫైల్లో ఉండాలి. ముందే ఎవరికీ పంపక్కర్లేదు. శాంపిల్ తేడా వచ్చినప్పుడే ఆ ఫైలు కదులుతుంది. మూడేళ్లుగా ఒడెస్సా ఫైలు బీరువాలో హాయిగా పడుకుంది. ఇప్పుడు లేపుదామని వెళితే లేదు.

"శుక్రవారం ఐదింటిలోగా కాలేజీ క్రీడల సంఘానికి పంపాలిట. లేకపోతే ఏడాది నిషేధం. నాకు మిగిలిందే ఈ ఏడాది!"

"మీ డాక్టరు దగ్గర కాపీ ఉంటుందిగా?" అన్నాన్నేను.

"ఆయన రిటైరై ఫ్లోరిడాలో చేపలు పట్టుకుంటున్నాడు. ఆస్పత్రివాళ్లు పాత రికార్డులకి మూడు వారాలంటున్నారు." మోచేతులు టేబుల్ మీద ఆనించింది. "రిలే పిల్లలు అప్పుడే మొదలెట్టేశారు. 'అదా సంగతి, అందుకా అంత వేగం' అని. మాత్ర వేసుకుంటే వేగమెందుకొస్తుందిరా? హైస్కూల్లో ఒకరోజు వేసుకోవడం మర్చిపోయి, ఎనిమిదో హర్డిల్ దగ్గర ఆగిపోయి, కంచె అవతల కుక్కపిల్లతో మాట్లాడుతూ నిలబడ్డాను. మిగతావాళ్లు పందెం ముగించి ఇళ్లకెళ్లిపోయారు."

నాకు నవ్వొచ్చింది గానీ, దాని కళ్లు చూసి ఆపుకున్నాను.

థాడ్ లేచి నిలబడ్డాడు. "ఒడెస్సా! నెత్తుటి మరకలు ఎంత తుడిచినా..."

"నెత్తురెక్కడిదిరా?" అన్నాను.

"అది ఇంకా దొరకలేదు," అన్నాడు.

మొదట బిర్గిట్ హాగెన్ దగ్గరికెళ్లాం. మా జట్టు బెణుకులూ, పట్టేసిన పిక్కలూ ఆవిడే చూస్తుంది. ఆ బీరువా తాళంచెవి కూడా ఆవిడ దగ్గరే ఉంటుంది.

"పోయిన వేసవిలో కాలేజీ లాయరుగారు వచ్చి ఒకటే గొడవ, ఫైళ్ల మీద పేర్లుండకూడదని," అంది హాగెన్, ఎవడి మడమకో పట్టీ చుడుతూ. "అందుకని వరండా లాకర్లలో ఎవరి నంబరు వాళ్ల ఫైలు మీద వేశాను. లాకర్ల జాబితాలో చూస్తే ఒడెస్సాది ముప్పై ఒకటి. ముప్పై ఒకటో అర ఖాళీ."

"మిగతావి వెతకలేదా మేడమ్?"

"ఒకరి ఫైలు ఇంకొకరి కోసం తెరవకూడదు నాయనా. వాళ్ల సంతకం కావాలి. అందర్నీ బతిమాలి సంతకాలు పెట్టించుకుంటున్నా. ఇదిగో, నువ్వూ పెట్టు."

థాడ్ గడ్డం పైకెత్తాడు. "డిటెక్టివ్‌కి ఫైలుండదు మేడమ్. నేనసలు మీ ఆరోగ్య పత్రమే నింపలేదు."

"తెలుసులే. నాలుగేళ్లుగా అడుగుతూనే ఉన్నాగా."

"మరి లేని ఫైలుకి సంతకమెందుకు?"

హాగెన్ కాగితం వెనక్కి లాక్కుంది. "అదీ నిజమే," అని తరవాతివాడికి కాగితం అందించింది. వాడన్న మాటలో అర్థముందే అని నాకూ ఆశ్చర్యమేసింది.

అక్కణ్ణించి రెండ్రోజులు నాకు నరకం. వీడి దృష్టిలో ఇది అంతర్రాష్ట్ర ముఠా పని. పోల్‌వాల్ట్ వాళ్ల గదిలో తెల్లపొడి దొరికితే వేలికి అద్దుకుని నాకి, "కొకైన్!" అని అరిచాడు.

"సుద్దపొడిరా అది. పట్టు జారకుండా చేతులకి రాసుకుంటారు."

"సుద్ద రుచి నాకు తెలీదనుకున్నావా?"

"నీకెలా తెలుసు?"

వాడు వేలు ప్యాంటుకి తుడుచుకుని బయటపడ్డాడు. నేరుగా కోచ్ ప్రూయిట్ గదిలోకి దూరి ఆయన ముఖం మీద టేబుల్ లైటు తిప్పాడు.

"సోమవారం మధ్యాహ్నం మూడింటికి ఎక్కడున్నారు కోచ్ గారూ?"

"నీ దగ్గరే ఉన్నాను. నువ్వు విసిరిన గుండు నా కారు మీద పడింది."

"సాక్షులున్నారా?"

"కారుంది," అన్నాడాయన పళ్లు కొరుకుతూ.

శుక్రవారం వచ్చేసింది. సంతకాలు పెట్టినవాళ్ల ఫైళ్లన్నీ హాగెన్ తిరగేసింది, ఎందులోనూ ఒడెస్సా కాగితాలు లేవు. ఒడెస్సా తన జెర్సీ ఉతికి, మడతపెట్టి, పరుగు బూట్లతో సహా తెచ్చుకుని హాగెన్ గదిలో బల్ల మీద కూర్చుంది. ఐదు కాగానే కోచ్‌కి తిరిగిచ్చేస్తుందట.  నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

"నిషేధం సంగతి సరేరా ఎమెట్," అంది నేల చూపులు చూస్తూ. "జీవితాంతం నన్ను దొంగ అనుకుంటారు. అదే నేను మోయలేను."

ఇదంతా జరుగుతుంటే మా మహా డిటెక్టివు ఎక్కడున్నాడయ్యా అంటే, హాగెన్ గది బయటున్న మాసిన తువ్వాళ్ల బండిలో. నేరస్థుడు బీరువా దగ్గరికి మళ్లీ వచ్చి తీరతాడట. వాడొచ్చేదాకా చెమట తువ్వాళ్ల కింద మాటు వేస్తానని భోజనం కాగానే దూరాడు, నిద్రపోయాడు. నాలుగు గంటలకి లాండ్రీ డ్వేన్ వచ్చి బండి తోసుకెళ్లాడు.

"ఇవాళేంటి ఇంత బరువుంది! ఈత జట్టు మొత్తం ఇందులోనే స్నానం చేసిందా?" అనడం వినపడింది.

వరండా చివర కిందికి వాలుదారి ఉంది. అక్కడ బండి డ్వేన్ చెయ్యి జారింది. లోపల్నించి "ముఠా నన్నెత్తుకుపోతోందిరో!" అని కేక, గడగడమని చప్పుడు, ఆ వెనకే కూల్‌డ్రింకుల మిషను పగిలిన మోత.

డ్వేనూ, ఒడెస్సా, నేనూ ముగ్గురం కలిసి వాణ్ణి హాగెన్ గదికి మోసుకొచ్చాం. కుడి మడమ బూరెలా పొంగింది.

"కదలకు," అంది హాగెన్ ఐసు పెడుతూ. "ఈ దెబ్బ రాసి పెట్టాలి, కాలేజీ రూలు. ఇప్పటికైనా నీకో ఫైలు మొదలెడతా. లాకరు నంబరెంత?"

"పధ్నాలుగు," మూలిగాడు థాడ్.

ఆవిడ కొత్త కాగితం పట్టుకుని బీరువా తెరిచి, పధ్నాలుగో అరలో చెయ్యి పెట్టి ఆగిపోయింది. లావుపాటి ఫైలు బయటికి తీసింది. మొదటి పేజీ చూసింది.

"థాడ్, నీకు నాలుగో క్లాసులో ఏడీహెచ్‌డీ అని తేల్చారా?"

"లేదే?"

"నువ్వు ఆడపిల్లవా?"

ఒడెస్సా బల్ల మీంచి దూకింది. "నాది! అది నాది! నా పాత లాకరు పధ్నాలుగు! సెప్టెంబరులో వీడే కాళ్లావేళ్లా పడి మార్పించుకున్నాడు. తలుపు పక్కనైతే రాకపోకల మీద నిఘా వెయ్యొచ్చని!"

ఫైళ్లు లాకరు నంబర్ల ప్రకారం ఉన్నాయని ఒడెస్సాకి తెలీదు. లాకర్లు మారాయని హాగెన్‌కి తెలీదు, నాకూ తెలీదు. రెండు సంగతులూ తెలిసిన మనిషి ఈ భూప్రపంచంలో ఒక్కడే, వాడేమో ఐసుగడ్డ కింద పడుకుని ఉన్నాడు. గొంతు పిసకాలనిపించింది, ఒట్టు.

నాలుగూ నలభైకి కాగితాలన్నీ స్కాన్ చేసి పంపాం. ఐదుకి ఐదు నిమిషాలుందనగా హాగెన్ ఫోన్ మోగింది. ఆవిడ విని, "అలాగే, చాలా థాంక్స్," అని పెట్టేసింది. "అన్నీ సరిగ్గా ఉన్నాయిట. మినహాయింపు ఇచ్చేశారు. జెర్సీ తీసుకుని ఇంటికి పో తల్లీ."

ఒడెస్సా ఆ జెర్సీలోనే ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. మిషను మోతకి పరుగెత్తుకొచ్చిన రిలే పిల్లలు నలుగురూ ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.

"నేరస్థుడు దొరికాడు!" అన్నాడు థాడ్ మోచేతుల మీద లేస్తూ. "తనని తనే పట్టుకున్న డిటెక్టివు చరిత్రలో ఇంకెవడైనా ఉన్నాడా?"

వాణ్ణెవరూ పట్టించుకోలేదు. ఒడెస్సా కళ్లు తుడుచుకుని, హాగెన్ టేబుల్ మీంచి ఒక అనుమతి కాగితం లాగి, టకటకా సంతకం పెట్టి ఫైలుతో పాటు రిలే పిల్లల ముందు చాపింది.

"నా ఫైలు. నా ఇష్టం. నాలుగో క్లాసు నించీ అన్నీ ఇందులో ఉన్నాయి. చదువుకోండి."

ఒక్కరూ చెయ్యి చాపలేదు. చివరికి వాళ్లలో పొడుగు పిల్ల తల దించుకుని, "వద్దులే ఒడెస్సా. తప్పయిపోయింది. రేపు ప్రాక్టీసుకి ఎన్నింటికొస్తావు?" అంది.

"ఆరింటికి," అంది ఒడెస్సా. "నాకు గుర్తు చెయ్యండే."

"వాళ్లకొద్దంటే నేను చదవొచ్చా?" అన్నాడు థాడ్.

అందరం కలిసి వాడి మీద తువ్వాళ్లు విసిరాం.