లేని పుస్తకానికి మూడు హెచ్చరికలు

పదకొండు గంటలకు లైబ్రరీ కమిటీ వచ్చేలోపు ఒక్క పరీక్ష ఉత్తరం పంపి చూసుకుంటే చాలనుకుంది లైబ్రేరియనమ్మ. ఎవరైనా తెచ్చుకుని తమకు నచ్చినట్టు మార్చుకోగలిగే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో మూడు నెలలు కుస్తీపట్టి, లైబ్రరీ వెబ్‌సైటు తనే తయారుచేసింది. అది సరిగ్గా నడవకపోతే పని బయటి కంపెనీకి అప్పగిస్తానని కమిటీ ప్రెసిడెంటుగారు ముందే చెప్పారు. ఆమెకు మాత్రం రవ్వంత బెంగ లేదు.

'కోపం తగ్గించుకునే నలభై మార్గాలు' అనే పుస్తకం గడువు దాటిందని తనకు తానే ఈమెయిలు రాసుకుని, మీట నొక్కింది. అలాంటి పుస్తకం లైబ్రరీలోనే లేదు. పరీక్ష కోసం అప్పటికప్పుడు కల్పించిన పేరది.

నిమిషం తిరక్కుండా భర్త ఫోను. "ఏమోయ్, నాకు కోపమెక్కువని ఇంట్లో చెప్తే సరిపోదా? ఉత్తరం దాకా ఎందుకు?"

ఆమె గబగబా తెర వంక చూసింది. 'ఎవరికి' అన్నచోట తన పేరు ఎంచుకోవడం మరిచింది. ఏదీ ఎంచుకోకపోతే అందరికీ అని అర్థమట. సభ్యులు పన్నెండు వందల మంది.

"ఏం కంగారు లేదు," అని అటెండరుకు చెప్పి, 'పొరపాటున వచ్చింది, పట్టించుకోకండి' అని అందరికీ ఇంకోటి పంపింది. ఒకే పుస్తకం గురించి రెండోసారి వెళ్ళే ఉత్తరానికి సాఫ్ట్‌వేర్ తనంతట తానే పైన 'రెండో హెచ్చరిక' అని తగిలిస్తుందని అప్పుడు తెలిసింది. అందుకు క్షమాపణ చెబుతూ మూడోది పంపింది. అది 'ఆఖరి హెచ్చరిక'గా వెళ్ళింది.

"ఇంక చాలమ్మా! నాలుగోది పంపితే పోలీసులొస్తారు," అంటూ అటెండరు కీబోర్డు తనవైపు లాక్కున్నాడు.

పదిన్నరకల్లా వరండా నిండిపోయింది. అందరికంటే ముందు దర్జీ లోపలికి దూసుకొచ్చి బల్ల గుద్దాడు. "నాకు కోపమని ఎవరన్నారు? నేను తీసుకుంది ఆ పుస్తకం కాదు. ఇదిగో, కుక్కల పెంపకం! ఐదేళ్ళుగా నా దగ్గరే ఉంది, కావాలంటే చూసుకోండి!"

ఆమె చూసుకుంది. పోయిందని ఎప్పుడో జాబితాలోంచి కొట్టేసిన పుస్తకం! జరిగింది పొరపాటని చెప్పడానికి తెరిచిన నోరు మెల్లగా మూసుకుని, పుస్తకం అందుకుంది.

"లేనిపోని నిందలేస్తే ఊరుకోను. నా దగ్గరున్నవి ఈ మూడే!" అంది వెనకాలే రిటైరైన లెక్కల టీచరు. ఆమె వెనక నర్సు, నర్సు వెనక మంగలి. తమ తప్పేమీ లేదని నిరూపించుకోవడానికి అందరూ సాక్ష్యం చంకలో పెట్టుకునే వచ్చారు.

పదకొండింటికి ప్రెసిడెంటుగారు జనాన్ని తోసుకుంటూ వచ్చారు. "ఏంటమ్మా ఈ గోల? నాకే ఆఖరి హెచ్చరికా?" అంటూ సంచిలోంచి లావుపాటి అట్లాసు తీసి బల్లమీద పడేశారు. "నేను తీసుకుంది ఇదీ!"

అటెండరు అట్ట తెరిచి గడువు తేదీ పైకి చదవబోయాడు.

"సర్లే సర్లే, మీటింగు మొదలుపెడదాం," అన్నారాయన, గొంతు బాగా తగ్గించి.

"ఇప్పటికి ఎనభై ఆరు తిరిగొచ్చాయండీ," అంది లైబ్రేరియనమ్మ నిబ్బరంగా. "వరస ఇంకా గేటు దాకా ఉంది."

వెబ్‌సైటు భేషుగ్గా పనిచేస్తోందని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఎలా పనిచేసిందో మాత్రం మినిట్స్‌లో రాయలేదు.