కంప్యూటర్ రొద మానిన రోజు

ఆ శనివారం పొద్దున ప్రభావతి పెట్టుకున్న పనులు రెండే. సాయంత్రం రాబోయే అన్నయ్య అమరేశ్వరరావుకి గారెలు వండడం, ఆయన వచ్చేలోగా పదో స్టూడెంటును చేర్చుకోవడం. మొదటి పనికి మినప్పప్పు పొద్దున్నే నానబోసింది. రెండో పనికి నానబోయడానికి ఏమీ దొరకలేదు.

నరసరావుపేట బస్టాండు వెనక వీధిలో, అద్దెయింటి ముందుగదిలో ఆమె భర్త ధనుంజయరావు ఎనిమిదేళ్లుగా టైపు ఇన్‌స్టిట్యూట్ నడుపుతున్నాడు. హైదరాబాదులో ఏదో ఆఫీసువాళ్లు పాతబడిందని పక్కన పెట్టిన కంప్యూటర్‌ను అమరేశ్వరరావు తెచ్చి, నెల గడువు మీద ఆ గదిలో పెట్టించాడు. నెలలోగా పదిమంది చేరితే అది ఇక్కడే ఉంటుంది. చేరకపోతే ఒంగోలులో ఇంకెవరో అడుగుతున్నారు. ధనుంజయరావు వేళ్లు టైపు మిషన్ మీద తప్ప మరెక్కడా కదలవు. అందుకని బీయస్సీ పాసై పదకొండేళ్లుగా పోపులు పెడుతున్న ప్రభావతే పుస్తకం ముందేసుకుని కంప్యూటర్ నేర్చుకుంది, నేర్పడం మొదలుపెట్టింది. తొమ్మిదిమంది చేరారు. తొమ్మిదిమందీ ఆమెను "మేడమ్" అంటారు. గడువు ఆ సాయంత్రంతో ఆఖరు. కంప్యూటర్ వెళ్లిపోతే దాంతోపాటు ఆ పిలుపు కూడా లారీ ఎక్కి ఒంగోలు పోతుంది.

పది గంటలకు మాచర్ల నుంచి హనుమంతు వస్తున్నాడు. బండలు కోసే ఫ్యాక్టరీ ఆయనది. మిషన్ చూశాక కూతురు నాగమల్లేశ్వరిని చేర్పించే సంగతి చెబుతానని కబురు పెట్టాడు.

మిషన్‌లో ఉన్న లోపం ఒక్కటే, రొద. స్విచ్ వేయగానే పెట్టె వెనకున్న చిన్న ఫ్యాను ముందు మూలిగి, ఆ తర్వాత గర్జించి, చివరికి లోడు లారీ ఘాటెక్కుతున్న ధోరణిలో స్థిరపడేది. నెలరోజుల్లో వీధి దానికి ఎంత అలవాటు పడిందంటే, అది మొదలైతే తొమ్మిదయిందని ఎదురింటి పిచ్చమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది.

"పెద్దమనిషి వస్తంటే ఈ మోతేందే? పరువు పోద్ది," అన్నాడు ధనుంజయరావు.

"తిరుగుతోంది గదండీ. తిరిగేదాన్ని కదపబాకండి."

ఆ రొదలో భార్య మాట వినపడలేదని ఆయన తర్వాత చెప్పుకున్నాడు.

తొమ్మిదింపావుకి ఆయన పిలుపు మీద మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేసే మక్బూల్ వచ్చాడు. ప్లగ్గు పీకి, పెట్టె విప్పి, లోపలికి తొంగిచూసి, "మిక్సీ కంటే సులువే సార్. ఇరుసు తిరిగే బుష్ ఎండింది. రెండు చుక్కలు కుట్టుమిషన్ నూనె చాలు," అని తేల్చాడు. పక్కింట్లో జాకెట్లు కుట్టే గుల్జార్ బేగం నూనె సీసా ఇచ్చింది. ఇచ్చి ఊరుకోక దాని వెంట తానూ వచ్చింది.

రెండు చుక్కలకి రొద సగానికి తగ్గింది.

"ఇంతకంటే తగ్గదు సార్. చెయ్యి పెట్టబాకండి. హోటల్ కాడ ఫ్యానొకటి విప్పి వచ్చా, బిగించి వస్తా," అని మక్బూల్ సైకిలెక్కాడు. ప్రభావతి లోపల పప్పు కడుగుతోంది.

రెండు చుక్కలకి సగం తగ్గితే సీసాడుకి మొత్తం తగ్గాలని ధనుంజయరావు లెక్క. పోశాడు. అయినా సన్నగా ఏదో గుయ్‌మంటూనే ఉంది. వెల్దుర్తి చుట్టాలు దిండ్లకని తెచ్చిచ్చిన దూదిలోంచి గుప్పెడు లాగి ఫ్యాను కన్నాల్లో కుక్కాడు. ఫ్యాను ఒక్కసారి ఎక్కిళ్లు పెట్టింది. ఆ తర్వాత గోడ గడియారం చప్పుడు వినపడింది. ఆ గడియారానికి చప్పుడుందని నెల తర్వాత ఆయనకి గుర్తొచ్చింది.

"నూనె పోశారు, దూది పెట్టారు. ఇంక అగ్గిపుల్లొకటే తక్కువ సార్," అంది గుల్జార్ బేగం.

నిశ్శబ్దం వీధి చివరిదాకా పాకింది. ముందు పిచ్చమ్మ వచ్చి, "ఏమ్మా ప్రభా, ఇయ్యాల సెలవా? పెట్టిన ఎసరు దించాలో ఉంచాలో తెలవక కూచున్నా," అంది. ఆమె వెనకే ఇంకో పొరుగావిడ రాఘవమ్మ వచ్చింది. "మీ మిషను పోయిందంటగా? ఎప్పుడు పోయింది? పొద్దున కూడా బాగానే అరిచింది గదమ్మా!" అంటూ బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది. కాసేపటికి ఇద్దరు స్టూడెంట్లు పరామర్శకి వచ్చినట్టు గుమ్మంలో నిలబడ్డారు. "మేడమ్, మమ్మల్ని గుంటూర్లో చేరమంటారా?" అని మెల్లగా అడిగారు. పదోవాళ్ల కోసం ఎదురుచూస్తుంటే తొమ్మిది కాస్తా ఏడయ్యేట్టుంది.

"పోలేదమ్మా, చూడండి," అంటూ ప్రభావతి తెర మీద పచ్చటి అక్షరాలు చూపించింది. పెట్టె వెనక చెయ్యి పెట్టి చూసింది. గాలి రావడం లేదు, వేడి వస్తోంది.

"ఏమండీ, ఫ్యాను ఆగిపోయింది."

"ఆగలేదే. శాంతించింది."

ఆమె స్విచ్ ఆపబోతుండగా గుమ్మంలో జీపు ఆగింది.

కంప్యూటర్ గదిలోకి చెప్పులతో రాకూడదన్న బోర్డు చూసి, హనుమంతు చెప్పులు బయటే విడిచాడు. ముప్పై ఏళ్లుగా రాళ్లు కోసే రంపాల మధ్య బతికినవాడు కాబట్టి పక్కనున్నవాళ్లతో కూడా పొలం అవతలి గట్టు మీదివాళ్లతో మాట్లాడినట్టే మాట్లాడతాడు. ప్రభావతి నాగమల్లేశ్వరి పేరు టైపు చేసింది. అక్షరాలు ఒక్కొక్కటే తెర మీదికి వస్తుంటే ఆ అమ్మాయి కుర్చీ ముందుకి లాక్కుంది. హనుమంతు తెర వంక చూడనే లేదు. కళ్లు మూసుకుని, పెట్టెకి చెవి ఆనించి, ఫ్యాక్టరీలో మోటారు పరీక్షించినట్టు వింటున్నాడు.

"సౌండ్ రాదేంది సార్?"

"అదేనండీ దీని గొప్ప! పక్కన కూచుని హాయిగా మాట్లాడుకోవచ్చు," అన్నాడు ధనుంజయరావు.

"మాట్లాడుకోటానికి మిషనెందుకు సార్, అరుగు చాలదా? మొన్న జీపులో పోతా ఇన్నా. మీ గదిలోంచి ఏం రొద! లోపలేదో చానా గట్టి మిషనుందిరా అనుకున్నా. ఆ రొద ఇనే వచ్చా. ఇదేంది, టీవీకి టైపు మిషను తగిలిచ్చినట్టుంది? మిషనన్నాక కాళ్ల కింద బండ అదరాలి." హనుమంతు లేచాడు. "పద మల్లీశ్వరీ."

ధనుంజయరావు బల్ల తుడిచాడు. ఒంగోలు లారీ ప్రభావతి కళ్ల ముందుకి వచ్చి నిలబడింది.

ఇదే సమయానికి గోడకి అవతల, వంటింట్లో, గుల్జార్ బేగం కడిగిన పప్పును చూసి జాలిపడింది. ప్రభ ఇంత చిక్కులో ఉంటే పిండైనా రుబ్బి పెడదామనుకుంది. ఆమె కూడా తన పిండి రుబ్బుకునేది ఆ ఇంటి గ్రైండర్లోనే కాబట్టి ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది. పప్పు పోసి స్విచ్ వేసింది.

గడగడమంటూ గోడ వణికింది. గదిలో పరిచిన మాచర్ల బండలు అదిరాయి. ఒక కాలు చెప్పులో పెట్టిన హనుమంతు అక్కడే ఆగాడు. "ఆఁ! ఇప్పుడు తగులుకుంది!" అంటూ చెప్పు వదిలేసి వెనక్కి వచ్చి కూర్చున్నాడు.

నిజం చెప్పడానికి ధనుంజయరావు నోరు తెరిచాడు. భార్య చూసిన చూపుకి మూసేశాడు. ప్రభావతి అబద్ధం ఏమీ ఆడలేదు. కీబోర్డు మీద ఒక మీట నొక్కింది, అంతే.

గ్రైండర్ ఆగింది. అంచులకి అంటుకున్న పప్పును బేగం లోపలికి తోస్తోంది కాబోలు.

"ఆగిందేందమ్మా?"

"ఆలోచిస్తోందండీ," అంది ప్రభావతి.

మళ్లీ గడగడ మొదలైంది. "ఆలోచిచ్చి మరీ పన్జేస్తందే!" అని హనుమంతు తొడ చరిచాడు.

అంతలో వేడెక్కిన పెట్టె చేతులెత్తేసింది. తెర నల్లబడింది. గోడవతల గడగడ మాత్రం సాగుతూనే ఉంది.

"బొమ్మ పోయినా ఇంజను ఆగలా! చూశావా మల్లీశ్వరీ, మిషనంటే ఇదీ! ఫారం ఇవ్వమ్మా, సంతకం పెడతా."

నాగమల్లేశ్వరి వంటింటి తలుపు వైపు చూసింది. మోచేతిదాకా పిండితో గుల్జార్ బేగం కనిపించింది. ఆ తర్వాత నల్లటి తెర వైపు, ప్రభావతి వైపు చూసింది. నవ్వు బిగపట్టుకుని, "సోమవారం నుంచి వస్తా మేడమ్," అంది. ఉన్న పదిమందిలో తెలివైనది ఈ పిల్లేనని ప్రభావతికి అప్పుడే తెలిసిపోయింది.

మధ్యాహ్నం మక్బూల్ వచ్చి, ప్రభావతి తలపిన్నుతో దూదంతా లాగి, నూనె తుడిచి, "చెయ్యి పెట్టబాకండన్నానా!" అని ఒక్క మాటే అన్నాడు. స్విచ్ వేశాడు. ఫ్యాను పొద్దుటి బాకీ కూడా తీర్చుకుంటున్నట్టు గర్జించింది. గుంటూరు వెళ్లాలనుకున్న ఇద్దరూ పుస్తకాలతో తిరిగొచ్చారు. మూడు గంటలప్పుడు పిచ్చమ్మ మళ్లీ ఎసరు పెట్టింది.

సాయంత్రం అమరేశ్వరరావు పది పేర్లూ రెండుసార్లు చదివి తృప్తిగా తలాడించాడు. చెవులు మూసుకుని, "ఇదేం రొద బావా! కొత్త ఫ్యాను తెప్పిస్తా, చీమ నడిచిన చప్పుడు కూడా ఉండదు," అని అరిచాడు.

"వద్దు!" అన్నారు ధనుంజయరావు, ప్రభావతి, గుమ్మం దగ్గరున్న గుల్జార్ బేగం, ముగ్గురూ ఒక్కసారే.

అంత గట్టిగా ఎందుకన్నారో ఆయనకి అర్థం కాలేదు. గారెల పళ్లెం ముందుకి జరుపుకుని, ఒకటి కొరికి, "ఏం గుల్లగా వచ్చినయ్యే ప్రభా! రోట్లో రుబ్బావా, గ్రైండర్లోనా?" అని అడిగాడు.

"కంప్యూటర్లో అన్నయ్యా," అని ప్రభావతి ఇంకో గారె వడ్డించింది.